మంచు దాటిన చిత్రముల పెట్టె

మోసెడివానికే కావడి బరువు తెలియునని పెద్దలు చెప్పుదురు. ప్రయాణమునకు సిద్ధపడినవాడు ఇంటి అరుగుమీద కూర్చుండి మూట కట్టుకొనునప్పుడు కంటబడిన వస్తువునెల్ల అందులో చేర్చగోరును. రెండు క్రోసులు నడచిన పిమ్మట ఆ మూటలోని ఒక్కొక్క వస్తువును గూర్చి ‘ఇది ఎందులకు తెచ్చితిని?’ అని భుజము నొప్పి అడుగసాగును. దారి కఠినమైనకొలది ఆ ప్రశ్నయు కఠినమగును.

అడవులకును, కొండలకును, మంచు ప్రదేశములకును పోయి అచటి ప్రకృతిని ఛాయాచిత్రములుగా తీసికొనివచ్చువారికి ఈ చిక్కు మరింత అధికము. తక్కిన బాటసారికి తిండియు, బట్టయు, కంబళియు ఉన్న చాలును. ఛాయాగ్రాహకుడో, వీనితోపాటు కెమెరాను, కటకములను, కెమెరాను నిలుపు ముక్కాలి పీఠమును, వానికి సంబంధించిన చిల్లర సామగ్రిని మోయవలెను. అవి బరువైనవి మాత్రమే గాక సున్నితమైనవి కూడ. తడిసినను, దుమ్ము పట్టినను, జారిపడినను పాడగును. వానిలో ఒక్కటి మరచినచో తక్కినవన్నియు వ్యర్థము కావచ్చును. అన్నియు తెత్తునన్నచో అడుగు ముందుకు సాగదు. ఏది కొనిపోవలెను, ఏది విడువవలెను అను ఈ ప్రశ్నకు ప్రాణములు ప్రమాదములో నున్నప్పుడు సమాధానము చెప్పవలసి వచ్చిన ఛాయాగ్రాహకుడొకడు కలడు. అతని పేరు ఫ్రాంక్ హర్లీ.

హర్లీ 1885వ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశములోని సిడ్నీ నగరమున జన్మించెను. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచిపోయి ఒక ఇనుప కర్మాగారమున పనికి కుదిరెను. ఇనుమును, రేకును, నిప్పును ఉపయోగించి పనిచేయు నేర్పు అతనికి అచట అలవడెను. కొన్ని ఏండ్లకు, వారమునకింత చొప్పున సొమ్ము చెల్లించు ఒప్పందముపై, ఒక చిన్న కోడక్ కెమెరాను కొనెను. నాటినుండి అతని మనస్సు ఛాయాచిత్రములపై లగ్నమైనది. అయినను కర్మాగారములో నేర్చిన విద్య అతనిని విడిచిపోలేదు. ఆ విద్యయే తరువాత అతని చిత్రములను కాపాడినది.

1911వ సంవత్సరమున డగ్లస్ మాసన్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున ఒక బృందము అంటార్కిటికా ఖండమునకు పయనమయ్యెను. హర్లీ ఆ బృందమునకు ఛాయాగ్రాహకుడై, అచటి పెనుగాలులను చవిచూచి తిరిగివచ్చెను. అందుచేత 1914లో సర్ ఎర్నెస్ట్ షాకల్టన్ అంటార్కిటికా ఖండమును ఒక తీరమునుండి మరియొక తీరమునకు కాలినడకను దాట సంకల్పించినప్పుడు హర్లీకి పిలుపు వచ్చెను. ఆ సాహసయాత్రకు కావలసిన ధనములో కొంతభాగము, అతడు తీయబోవు చలనచిత్రముల హక్కులను ముందుగా అమ్ముటవలన సమకూడెను. కాబట్టి చిత్రములు లేకుండ తిరిగివచ్చుట అనగా అప్పుపడి తిరిగివచ్చుటయే.

వారి ఓడ పేరు ఎండ్యూరెన్స్. ఆ మాటకు ఓర్పు అని అర్థము. హర్లీ దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఏరీస్ రేవున ఆ ఓడ నెక్కెను. ఓడలో నున్నవారు మొత్తము ఇరువది యెనమండుగురు. 1914 డిసెంబరు 5వ తేదీన ఎండ్యూరెన్స్ దక్షిణ జార్జియా ద్వీపమును విడిచి మంచు సముద్రమువైపు సాగెను.

బయలుదేరునప్పుడు హర్లీ కట్టుకొన్న మూట చిన్నది కాదు. గాజు పలకలపై చిత్రములు తీయు పెద్ద కెమెరాలు, చలనచిత్ర యంత్రము, రంగుల చిత్రములు తీయుటకు ప్రత్యేకమైన పలకలు, రకరకముల కటకములు, ముక్కాలి పీఠములు, రసాయనములు, చీకటిలో వెలుగునిచ్చు మెరుపు పొడి, జేబులో పట్టు చిన్న కోడక్ కెమెరా అతని వెంట నుండెను. ఓడ మోయుచున్నంతకాలము బరువును గూర్చి విచారింప పనిలేదు. ఆ కాలమున మేలైన చిత్రమునకు గాజు పలకయే ఆధారము. వెలుగు సోకిన మార్పు చెందు మందును గాజుపై పూసి, చీకటిలో భద్రపరచి, కెమెరాలో నుంచి చిత్రము తీయుదురు. పిదప చీకటి గదిలో రసాయనములలో ముంచి కడిగినచో, వెలుగు తగిలిన చోటు నల్లగాను, నీడ తెల్లగాను పలకమీద తేలును. దానినుండి ఎన్ని చిత్రములనైనను కాగితముపై అచ్చువేయవచ్చును. పలక పగిలినచో చిత్రము శాశ్వతముగా పోవును.

మంచు ప్రదేశమున ఈ పని ఎంత కష్టమో చెప్పనలవి కాదు. చలిలో చలనచిత్రపు రీలు పెళుసెక్కి తునుగును. వట్టి చేతితో లోహమును తాకినచో చర్మము దానికంటుకొనును. బయటి చలిలో నున్న కెమెరాను వెచ్చని గదిలోనికి తెచ్చినంతనే గదిలోని తేమ కటకముపై ముత్యములవలె పేరుకొనును. మరల బయటికి తీసికొనిపోగా ఆ తేమ మంచుగా గడ్డకట్టును. ఓడలో ఇంజను గదికి వెనుకనున్న చీకటి గదిని హర్లీ కిరసనాయిలు పొయ్యితో వెచ్చపరచుకొని పనిచేసెను. పలకలు కడుగు తొట్టిని వేడిగా నుంచనిచో పలకలతోసహా నీరు గడ్డకట్టును.

1915 జనవరిలో ఎండ్యూరెన్స్ వెడ్డెల్ సముద్రములో మంచునడుమ చిక్కుకొనెను. నాటినుండి అది ఓడగా గాక, మంచుతోపాటు కొట్టుకొనిపోవు ఇల్లుగా మారెను. దక్షిణార్ధగోళమున శీతకాలము వచ్చి సూర్యుడు కొన్ని వారములపాటు కనబడకుండ పోయెను. ఆగష్టు 27వ తేదీ రాత్రి హర్లీ ఒక చిత్రము తీయ సంకల్పించెను. ఓడ చుట్టునున్న మంచుదిబ్బల వెనుక ఇంచుమించు ఇరువది చోట్ల మెరుపు పొడిని వెలిగించెను. ఆ వెలుగులకు కన్నులు చీకట్లు క్రమ్మి, త్రోవ కానక, మంచుదిబ్బలకు కాళ్లు తగిలించుకొనుచు, మెత్తని మంచులో పడుచు లేచుచు పని ముగించెను. తెరచాపల తాళ్లన్నియు మంచుతో తెల్లబారి, కారుచీకటిలో ఓడయొక్క ప్రేతమువలె తోచు ఆ చిత్రము నేటికిని చూచువారిని నిలువరించును.

ఇట్లు పది నెలలు గడచెను. నాలుగు దిక్కులనుండి మంచు నొక్కిన నొక్కుడుకు ఓడ పలకలు విరిగి నీరు లోనికి వచ్చెను. 1915 అక్టోబరు 27వ తేదీన షాకల్టన్ అందరిని ఓడ విడువుడని ఆజ్ఞాపించెను. ఇరువది యెనమండుగురు గడ్డకట్టిన సముద్రముపై గుడారములు వేసికొనిరి. ఇంక ఓడ మోయదు. మోయవలసినవి వారి భుజములే. తిండియు, పడవలును తక్క తక్కినదంతయు భారమే. ఒక్కొక్కరు తమ సొంత వస్తువులలో రెండు పౌనులకు, అనగా సుమారు 900 గ్రాములకు, మించి ఉంచుకొనరాదని షాకల్టన్ కట్టడి చేసెను. ముందుగా తన బంగారు నాణెములను తానే మంచుమీద పారవైచి అందరికి మార్గము చూపెను. ఒక్క విషయములో మాత్రము అతడు కట్టడి సడలించెను. బృందములోని ఒకడు వాయించు బాంజో అను తంత్రీవాద్యమును వెంట తేనిచ్చెను. ఆ పాటలు మనుష్యుల ధైర్యమును నిలుపునని అతని తలంపు. బరువును తూచుటకు త్రాసు చాలును గాని అక్కఱను తూచుటకు బుద్ధి కావలెను.

హర్లీ పలకలు మాత్రము ఇంకను ఓడలోనే యుండెను. విరుగుచున్న ఓడలో నీరు నిండి, పైన మెత్తని మంచు తేలుచుండెను. కొద్ది దినముల పిదప హర్లీ ఓడకు పోయి, పలకల పెట్టెలున్న గది గోడను గొడ్డలితో నరికెను. అవి నాలుగడుగుల మంచునీటి క్రింద నుండెను. అతడు నడుము వరకు బట్టలు విప్పి ఆ నీటిలో మునిగి ఒక్కొక్క పెట్టెను పైకి తీసెను. అతడు మునుపే ఆ పెట్టెల లోపల రెండు వరుసల తగరపు రేకు వేయించి, అతుకులకు మాటు వేసి మూసియుండెను. అందుచేత నీటిలో మునిగినను పలకలు చెడలేదు. చిన్ననాడు కర్మాగారములో నేర్చిన పని నాడు ఫలించెను. ఎండ గాచుచున్నప్పుడే వానకు జాగ్రత్తపడినవానికి వానలో తొట్రుపాటు ఉండదు.

అయినను కష్టమంతటితో తీరలేదు. ఆ పలకలు ఐదువందలకు పైబడి యుండెను. గాజు బరువు సామాన్యమైనది కాదు. మంచు కరిగి విడిపోయిన నాడు మూడు చిన్న పడవలలో ఇరువది యెనమండుగురు సముద్రము దాటవలెను. పడవలో ఒక పలకకు చోటిచ్చినచో అంతమేర తిండికి చోటు తగ్గును. నవంబరు 9వ తేదీన హర్లీయు, షాకల్టనును మంచుమీద కూర్చుండి పెట్టెలు విప్పిరి. ఒక్కొక్క పలకను వెలుగునకెత్తి చూచిరి. ఏడాది శ్రమయంతయు వారి కన్నులయెదుట నిలిచెను. ఒక్కొక్క చిత్రమువెనుక ఒక్కొక్క రాత్రి, ఒక్కొక్క గాయము, ఒక్కొక్క ప్రమాదము కలదు. తీసినవానికి తన చిత్రములన్నియు బిడ్డలవంటివి. వానిలో ఉంచవలసినవేవి? విడువవలసినవేవి?

వారు సుమారు 120 పలకలు ఏరిరి. సుమారు 400 పలకలు విడిచిరి. విడిచిన పలకలను హర్లీ అచటనే మంచుపై పగులగొట్టెను. వానిని అట్లే వదలినచో మరుసటి దినము మనసు మారును. ‘ఇది యొక్కటి, ఇంకొక్కటి’ అనుచు మరల పెట్టెలో చేర్చుకొనబుద్ధి పుట్టును. తిరిగి చూచుకొనుటకు ఏమియు మిగులకుండ చేయుటయే ఆ చపలత్వమునకు మందని అతడు తలంచెను. లోకము ఏరు దాటిన పిమ్మట తెప్ప తగులబెట్టువానిని నిందించును. హర్లీ ఏరు దాటకముందే తన సొమ్మును తానే విరిచెను, తెప్పకు బరువు తగ్గుటకై. ఏరిన పలకలను, అంతకుముందే అచ్చువేసియుంచిన చిత్రముల పుస్తకమును, చలనచిత్రపు రీళ్లను రేకు పెట్టెలలో నుంచి మరల మాటు వేసెను.

ఈ సమయమున హర్లీ పెద్ద కెమెరాలనన్నింటిని విడిచిపెట్టెను. చలనచిత్ర యంత్రమును, కటకములను, ముక్కాలి పీఠములను, రసాయనములను మంచుపాలు చేసెను. ఎంతో ధనము పోసి కొన్నవి, ఎంతో ప్రేమతో వాడినవి అవి. సాధనములు పోయినచో మరల కొనవచ్చును, గడచిన దినము మరల రాదు. అందువలన చిత్రములను ఉంచుకొని, చిత్రములు తీయు యంత్రములను వదలెను. ఒక్క సాధనమును మాత్రము విడువలేదు. అది జేబులో పట్టు కోడక్ కెమెరా. దానితో మూడు చుట్టల ఫిల్ము ఉంచుకొనెను. ప్రయాణము ఇంకను ముగియలేదు గదా! జరుగబోవునది జరిగినదానికన్న ఘోరమైనది కావచ్చును. దానికి సాక్ష్యము కావలెను.

నవంబరు 21వ తేదీన ఎండ్యూరెన్స్ నీట మునిగెను. పిమ్మట నెలలకొలది వారు మంచుమీదనే కాలము గడపిరి. 1916 ఏప్రిల్ 9వ తేదీన మంచు విడివడగా మూడు పడవలలో బయలుదేరిరి. రాత్రింబవళ్లు అలల తుంపరలు మీద పడి గడ్డకట్టుచుండ, నిద్రాహారములు లేక సాగి, ఏప్రిల్ 15వ తేదీన ఎలిఫెంట్ ద్వీపమున కాలు మోపిరి. వారు నేలపై నడచి అప్పటికి 497 దినములైనది. మాటు వేసిన పెట్టెలు వారితోపాటు ఒడ్డు చేరెను.

ఆ ద్వీపమున జనసంచారము లేదు. ఓడలు అటువైపు రావు. ఏప్రిల్ 24వ తేదీన షాకల్టన్ ఐదుగురిని వెంటబెట్టుకొని ఒక పడవలో సహాయమునకై బయలుదేరెను. పోవుటకుముందు హర్లీ దినచర్య పుస్తకములో ఒక పత్రము వ్రాసి సంతకము చేసెను. తాను జీవించి తిరిగిరానిచో చిత్రముల బాధ్యత హర్లీది అని దాని సారాంశము. మరణమునకెదురేగుచున్న నాయకుడు ఆ పెట్టెను గూర్చి ఆలోచించినాడనిన, వారు తెచ్చిన బరువు విలువ ఎంతటిదో గ్రహింపవచ్చును.

మిగిలిన ఇరువది యిద్దరు రెండు పడవలను బోర్లించి వాని క్రింద నివసించిరి. సీలు జంతువుల మాంసము, పెంగ్విను పక్షుల మాంసము వారి ఆహారము. మూడు చుట్టల ఫిల్ములో మిగిలినది ఎంతో పొదుపుగా వాడవలెను. ఓడలో నున్నప్పుడు ఒక దృశ్యమునకు నాలుగు పలకలు వాడగలిగినవాడు ఇప్పుడు ఒక్కసారి మీట నొక్కుటకు దినములకొలది ఆలోచింపవలసి వచ్చెను. షాకల్టన్ పడవ బయలుదేరుట, ఒడ్డున నిలిచిన మసిబారిన ముఖములు, బోర్లించిన పడవల గుడిసె, ఇవి ఆ చిన్న కెమెరాకు చిక్కినవి. వానిలో పెద్ద పలకల నిగనిగ లేదు. అయినను వాని స్థానమున మరియేదియు నిలువజాలదు.

షాకల్టన్ పడవ సుమారు 1,300 కిలోమీటర్ల మహాసముద్రమును దాటి దక్షిణ జార్జియా చేరెను. ద్వీపమున చిక్కినవారిని తెచ్చుటకు అతడు చేసిన మూడు ప్రయత్నములు మంచు అడ్డగించుటచే విఫలములయ్యెను. నాలుగవసారి చిలీ దేశపు ఓడ యెల్కోపై వచ్చి 1916 ఆగష్టు 30వ తేదీన అందరిని తీసికొనిపోయెను. ఎండ్యూరెన్స్‌పై వెడలిన ఇరువది యెనమండుగురిలో ఒక్కరును మరణింపలేదు. చిత్రములును బ్రదికినవి.

హర్లీ వానిని ఇంగ్లండునకు చేర్చెను. చలనచిత్రమునకు జంతువుల దృశ్యములు కొరవడగా 1917లో మరల దక్షిణ జార్జియాకు పోయి తీసికొనివచ్చెను. ఆ చలనచిత్రము ‘సౌత్’ అను పేర 1919లో ప్రదర్శింపబడెను. అతని గాజు పలకలు నేడు లండనులోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీలో భద్రముగా నున్నవి. 2022 మార్చి 5వ తేదీన ఎండ్యూరెన్స్ ఓడ సముద్రమున 3,008 మీటర్ల లోతున కనుగొనబడినది. ఓడ వెనుకభాగమున దాని పేరు చెక్కుచెదరక యున్నది. నూరేండ్లకు పైగా ఆ ఓడ రూపమును లోకమునకు ఎరుకపరచినవి ఆ పెట్టెలోని పలకలే.

హర్లీలో ఒక దోషమును చెప్పక విడువరాదు. అతడు కొన్ని చిత్రములలో వేరువేరు పలకలను కలిపి ఒక్కటిగా చూపెను. షాకల్టన్ పడవ ద్వీపమును విడుచునప్పటి చిత్రమును మార్చి, రక్షణకు వచ్చినప్పటి దృశ్యమని ప్రకటించెను. ఫిల్ము కొద్దిగా నుండుట, చూచువారిని మెప్పింపవలెనను కోరిక దీనికి కారణములు కావచ్చును. అయినను చిత్రము సాక్ష్యమని నమ్మి ప్రాణములొడ్డినవాడే ఆ సాక్ష్యమును మార్చుట తగదు. మూటలో ఎన్నింటిని తగ్గించినను తగ్గింపరానిది సత్యము.

నేటి కెమెరాలకు గాజు పలకలు అక్కఱలేదు. వేలకొలది చిత్రములు గోరంత పలకలో ఇముడును. అయినను వనములకు పోవువాని చిక్కు తీరలేదు. దూరపు పక్షిని దగ్గరగా చూపు కటకము నేటికిని బరువైనదే. చలిలో బ్యాటరీ శక్తి త్వరగా క్షీణించును గనుక, తెలిసినవారు వేరొక బ్యాటరీని చొక్కా లోపలి జేబులో దేహపు వెచ్చదనమున ఉంచుకొందురు. చలిలో తిరిగిన కెమెరాను గాలి చొరని సంచిలో మూసి గదిలోనికి తెచ్చి, అది వెచ్చబడిన పిమ్మటనే విప్పుదురు. అప్పుడు తేమ సంచిమీద పేరుకొనును గాని కటకముమీద పేరుకొనదు. వానాకాలమున తడి సోకకుండుటకు నీరు చొరని తొడుగును, తుడుచుటకు మెత్తని పొడిగుడ్డను మరువరు. తీసిన చిత్రములను ఒక్కచోటనే ఉంచక రెండు చోట్ల భద్రపరచుదురు. ఇవి హర్లీ వేసిన మాటుకు నేటి రూపములు.

మూట కట్టుటకుముందు ఏ దృశ్యమునకై పోవుచున్నామో తేల్చుకొన్నవానికి సగము బరువు ఇంటివద్దనే తగ్గును. పువ్వులను చూడబోవువానికి దూరపు కటకము ఎందులకు? పక్షులకై పోవువానికి రకరకముల చిన్న కటకములెందులకు? నీరు, తిండి, కంబళి, మందులు వీనికి చోటు మిగిల్చిన తరువాతనే కెమెరాకు చోటు చూడవలెను. ఛాయాగ్రాహకుడు క్షేమముగా తిరిగివచ్చిననే చిత్రము తిరిగివచ్చును. ఇంటివద్ద కట్టిన మూటను ఒకసారి భుజమునకెత్తుకొని వీధి చివరివరకు నడచి వచ్చుట మంచిది. అప్పుడు భుజమే తగిన సలహా చెప్పును.

హర్లీ మూడుసార్లు మూట కట్టెను. ఓడ ఎక్కునప్పుడు కట్టినది పెద్దది. ఓడ విరిగినప్పుడు కట్టినది చిన్నది. మంచుమీద పలకలు పగులగొట్టి కట్టినది మిక్కిలి చిన్నది. లోకమునకు చేరినది ఆ చివరి మూటయే.

ప్రశ్నలు

1. ఛాయాగ్రాహకుని మూటకును, తక్కిన బాటసారి మూటకును గల భేదమేమి?
2. హర్లీ చిన్ననాడు నేర్చిన పని అతనికి ఎప్పుడు, ఎట్లు ఉపకరించెను?
3. షాకల్టన్ బంగారమును పారవైచి బాంజోను ఉంచుటలోని ఆలోచన ఏమి?
4. విడిచిన పలకలను హర్లీ ఎందులకు పగులగొట్టెను? అది సరియైన పనియేనా? చర్చింపుము.
5. నీవు ఒక దినము అడవికి పోయి పక్షుల చిత్రములు తీయవలసినచో ఏయే వస్తువులు తీసికొనిపోదువు? ఒక్కొక్కదానికి కారణము వ్రాయుము.